తిప్ప సాగనంపిన కోడలు

కాకినాడ రేవులో పడవ దిగి నాలుగడుగులు వేసిందో లేదో, మల్లాడి పోలేశ్వరి నడిదారిలో కూలబడిపోయింది. ఎండుచేపల సంచీ ఒక పక్కకి, చెల్లెలి కాన్పు కోసం దాచిన పాత చీరల మూట ఇంకో పక్కకి దొర్లాయి. ఐసు బండి తోలుకొస్తున్నవాడు ఆగి, "పొద్దున్నే ఏసేసినట్టుంది," అని తీర్పు చెప్పేశాడు. పోలేశ్వరి జన్మలో కల్లు వాసన చూసి ఎరగదు. అయినా వాడికి బదులు చెప్పే స్థితిలో లేదు.

లోకం గిర్రున తిరుగుతోంది. చిత్రమేమిటంటే, అన్ని వైపులా తిరగడం లేదు. ముఖం ఊరివైపు పెడితే కాళ్ళ కింద నేల జారిపోతోంది, కడుపులో దేవుతోంది. అదే ముఖం ఆగ్నేయంగా సముద్రం వైపు తిప్పితే, అన్నీ ఎక్కడివక్కడ కుదురుగా నిలబడుతున్నాయి. అటువైపు, పడవ మీద మూడు గంటల దూరాన నత్తలతిప్ప ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె కోడలిగా అడుగుపెట్టిన దీవి.

మొగుడు యల్లాజీ ఆమెను రెండు చేతులా ఎత్తుకెళ్ళి మళ్ళీ పడవలో కూర్చోబెట్టాడు. ఇంజను వేసి, పడవ ముక్కు తిప్ప వైపు తిప్పగానే పోలేశ్వరి లేచి కూర్చుని, ఫ్లాస్కులో టీ ఉందా అని అడిగింది. టీ తాగుతూ తాగుతూ ఉన్నట్టుండి ఏడ్చింది.

"వరాలికి నెలలు నిండిపోతన్నాయి. నేను ఎల్లకపోతే దానికెవరున్నారయ్యా?"

వరాలు ఆమె చెల్లెలు. తల్లి పోయినప్పుడు ఆ పిల్లకి మూడేళ్ళు. చంకనేసుకుని పెంచింది పోలేశ్వరే. వరాలి మొగుడు దూరం వేటకెళ్ళే బోటు మీద పనివాడు, వెళ్తే నెల్లాళ్ళకి గానీ ఒడ్డు చూడడు. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి నేనొచ్చి పక్కనుంటానని పోలేశ్వరి ఒట్టేసి చెప్పింది. డాక్టర్లు ఇచ్చిన గడువుకి ఇంకా ఇరవై రోజులున్నాయి. ఇరవై రోజుల్లో కాకినాడలో నిలబడడం ఎలాగో తేలాలి.

నత్తలతిప్ప గురించి ఎరగనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. నూటపన్నెండు గడపల ఊరు. ఒక పక్క మడ అడవి, అందులో చేపలు పట్టుకుతినే పిల్లులు. ఇంకో పక్క రెండు మైళ్ళ ఇసుక. ఏటా మాఘమాసం దాటాక ఆ ఇసుక మీదికి సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఎక్కడ గుడ్డు చీల్చుకుని పుట్టాయో, వేల మైళ్ళు తిరిగి, ఏళ్ళు గడిచాక మళ్ళీ అక్కడికే వస్తాయి. భూమికి ఒక్కోచోట ఒక్కో రకం అయస్కాంతపు లాగుడు ఉంటుందట. పుట్టిన చోటి లాగుడు తాబేలు ఒంట్లో ముద్రపడిపోతుందట.

ఈ సంగతి పుస్తకాల్లో చదివి ఊరుకోలేక, తాబేళ్ళ మీద పరిశోధన చేసే డాక్టర్ అలివేలు ఒక పట్టీ తయారుచేసింది. నడుముకి కట్టుకుంటే తాబేలుకి తెలిసేది మనిషి ఒంటికి తెలుస్తుంది. దానికి తిప్పవాళ్ళు పెట్టిన పేరు దిక్కుపట్టీ. కళ్ళకి గంతలు కట్టి, పట్టీ పెట్టి అలల అంచున నిలబెడితే, బొడ్డు దగ్గర ఎవరో చిటికెనవేలు తగిలించి మెల్లగా లాగుతున్నట్టు ఉంటుంది. ఆ లాగుడు వెంట నడిస్తే సరిగ్గా తాబేలు గుడ్లు పెట్టిన చోటికే చేరతారు. చేరాక చాలామంది ఏడుస్తారు. ఎందుకో అడిగితే చెప్పలేరు. ఉద్యోగాల్లో పులుల్లాంటి మనుషులు కూడా ఇసుకలో చతికిలబడి ముక్కు చీదుకోవడం పోలేశ్వరి కళ్ళారా చూసింది.

ఈ నడకకి రోజుకి ముప్పైమంది సందర్శకులనే రానిస్తారు. నడిపేది తిప్ప ఆడవాళ్ళ సంఘం. ఆ రాబడితోనే తిప్పకి మంచినీళ్ళ యంత్రం వచ్చింది, జబ్బుపడ్డవాళ్ళని ఒడ్డుకి చేర్చే వేగం పడవ వచ్చింది. పట్టీ ఎవరూ రోజుకి గంటకి మించి కట్టుకోకూడదని అలివేలు నియమం పెట్టింది. ఆ నియమం బోర్డు మీద అందంగా రాసింది కూడా పోలేశ్వరే. రాసిన చేత్తోనే పట్టీ కట్టుకుని రోజుకి ఆరేడు గంటలు తిరిగేది. ముందు నడిచి చూపించేది ఆమె కదా! దానికితోడు ఆ లాగుడు ఆమెకి బాగుండేది. వంట చేస్తూ, వలలు అల్లుతూ కూడా విప్పేది కాదు. బోర్డు వచ్చేవాళ్ళకి, మనకెందుకు అనుకుంది. అలా మూడు సీజన్లు గడిచాయి. ఈ సీజన్ మొదలయ్యాక ఆమె ఒడ్డుకి వెళ్ళడం ఇదే మొదలు.

కబురు అందిన మూడోరోజుకి అలివేలు తిప్పకి వచ్చేసింది. నలభై దాటిన, సన్నగా, ఎప్పుడూ తడి చెప్పులతో తిరిగే మనిషి. వస్తూ వస్తూ ఆఫీసుల్లో వాడే గుండ్రంగా తిరిగే కుర్చీ ఒకటి తెచ్చింది. దాన్ని యల్లాజీ పడవ మధ్యలో నైలాను తాళ్ళతో బిగించారు. తిప్ప కంటికి కనపడనంత దూరం వెళ్ళి ఇంజను ఆపారు. పోలేశ్వరి కళ్ళకి తువ్వాలు కట్టి, కుర్చీ గిరగిరా తిప్పి ఆపి, "తిప్ప ఎటుందో చెయ్యి చూపించండి," అంది అలివేలు.

ఇరవైసార్లు తిప్పారు. ఇరవైసార్లూ పోలేశ్వరి చెయ్యి తిప్ప మీదికే వెళ్ళింది, దిక్సూచికి వేలెడు తేడా లేకుండా. నడుముకి పట్టీ లేదు. కానీ కుర్చీ తిప్పకి వీపు పెట్టి ఆగినప్పుడల్లా ఆమె పడవ అంచు మీదికి వంగి వాంతి చేసుకుంది.

అలివేలు ముఖం పాలిపోయింది. "పట్టీ విప్పినా ముద్ర ఉండిపోయింది. తప్పు నాది పోలేశ్వరి గారూ. ఇంకా చెప్పాలంటే నాకు ముందే తెలియాల్సింది. తహసీల్దారుగా రిటైరైన ఒకాయన నెలనెలా ఉత్తరం రాస్తారు. ఇక్కడికొచ్చి వెళ్ళాక మంచం ఆగ్నేయానికి తిప్పితే గానీ నిద్రపట్టడం లేదట. అలాంటివి ఇరవై దాకా ఉన్నాయి. అన్నీ మెచ్చుకోళ్ళనుకుని మురిసిపోయాను."

"తహసీల్దారు గోల పక్కన పెట్టండి డాట్రమ్మా. మా చెల్లి మాటేటి?"

"పట్టీ ఎప్పుడూ కట్టుకోని మనిషిని ఒకరిని కూర్చోబెట్టి పోల్చి చూడాలి. అప్పుడు గానీ మీ ఒంట్లో ఏం మారిందో తెలియదు."

తిప్ప మొత్తం మీద దిక్కుపట్టీ ముట్టనిది ఒక్కతే, పోలేశ్వరి అత్త కాసులమ్మ. డెబ్బై దాటింది. "వడ్డాణం పెడతానంటే నడుం సూపిత్తాను గానీ, ఈ పటకా నాకెందుకే?" అని మొదటిరోజే తేల్చేసింది. కోడల్ని పద్దెనిమిదేళ్ళుగా పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఎప్పుడూ "ఒడ్డుపిల్లా" అనే. ఇద్దరు బిడ్డల్ని కని, వాళ్ళు పెద్దచదువుల హాస్టళ్ళకి చేరినా ఒడ్డుపిల్ల ఒడ్డుపిల్లే. ఆ పిలుపు విన్నప్పుడల్లా పోలేశ్వరికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మర్నాడు కాసులమ్మ పడవెక్కింది. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, మహారాణిలా కుర్చీలో కూర్చుంది. తువ్వాలు కట్టారు. తిప్పారు, ఆపారు.

"ఎటుందో చూపించండి అమ్మా."

కాసులమ్మ చెయ్యెత్తింది. అలివేలు దిక్సూచి చూసి కళ్ళు నులుముకుంది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ అంతే. ఇరవైకి ఇరవై. తిప్పకి వీపు పెట్టి ఆగినప్పుడు ముసలామె వాంతి చేసుకోలేదు సరికదా, "ఆకలేత్తంది, ఇంకెంతసేపే ఈ గానుగ?" అని విసుక్కుంది.

"మీకెలా తెలుస్తోందమ్మా?"

"నా ఇల్లెక్కడుందో నాకు తెలవదా? నీకు తెలవదా ఏటి?"

ఉద్యోగం మొదలైన దగ్గర్నుంచి పదకొండు అద్దె ఇళ్ళు మారిన మనిషి అలివేలు. పుస్తకంలో ఏదో రాయబోయి, రాయకుండానే పెన్ను మూసింది.

పోలేశ్వరి మాత్రం అత్తని కొత్తమనిషిని చూసినట్టు చూస్తోంది. తనకి తెలిసేదే ఈవిడకీ తెలుస్తోంది. మరి తనకే ఎందుకు కళ్ళు తిరుగుతున్నాయి? ఆలోచిస్తుంటే ఇంకో ప్రశ్న పుట్టింది.

"డాట్రమ్మా, తాబేలు ఏడాదంతా ఎక్కడెక్కడో తిరుగుతాది గదా. తిప్పకి వీపెట్టే గదా పోతాది. దానికి కళ్ళు తిరగవా?"

పదిహేనేళ్ళు తాబేళ్ళతో గడిపిన అలివేలుకి ఆ ప్రశ్న ఒక్కనాడూ తట్టలేదు. "తిరగవు," అంది చివరికి. "తిరిగితే అవి బతకలేవు. ఎందుకు తిరగవో నాకు తెలియదు."

జవాబు రెండు రోజుల తర్వాత, తెల్లవారేసరికి ఇసుకలో దొరికింది.

ఆ పొద్దున ఒక తాబేలు గూడు విచ్చుకుంది. కంచె లోపల ఇసుక కదిలి, అరచేతిలో పట్టేంత నల్లటి పిల్లలు నూరు దాకా ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పైకొచ్చాయి. ముందురోజే వచ్చి దిగిన సందర్శకులు చుట్టూ మూగారు. చింతపండు రంగు చొక్కా వేసుకున్న ఒకాయన జాలిపడి, ఒక పిల్లను తీసి నీళ్ళలో వదలబోయాడు.

"ముట్టుకోకండి బాబూ," అంది పోలేశ్వరి. ఈ మాట ఆమె కొన్ని వందలసార్లు చెప్పి ఉంటుంది, నిద్రలో లేపినా చెబుతుంది. "నీళ్ళదాకా వాటంతట అవే నడవాలి. మోసుకెళ్ళి పడేత్తే అవి దారి తప్పుతాయి. ఈ ఇసక మీద నడిచి ఎల్తేనే వాటికి ఎల్లడం..."

అక్కడ ఆగిపోయింది. ఎదురుగా అలివేలు కూడా ఆమెనే చూస్తోంది.

"ఎల్తేనే వాటికి ఎల్లడం వత్తాది," అని మెల్లగా పూర్తిచేసింది పోలేశ్వరి. "డాట్రమ్మా, మనం పట్టీ కట్టి జనాన్ని ఎటు నడిపిత్తన్నాం?"

"నీళ్ళ దగ్గర్నుంచి గూటికి."

"ఆ తరవాత?"

"పట్టీ విప్పి, పీతల కూరతో భోజనం పెట్టి..." అలివేలు తల పట్టుకుంది. "ఆటో ఎక్కించి తిప్పకి అవతలి పక్కనున్న రేవుకి పంపిస్తాం. ఒక్కరిని కూడా పట్టీతో తిరిగి నీళ్ళదాకా నడిపించలేదు. అందరికీ రావడమే ఇష్టం కదా అని, పోవడం తీసేశాను. మీకు మూడు సీజన్లు రోజూ రావడం నేర్పాను. వెళ్ళడం ఒక్కసారీ నేర్పలేదు."

చింతపండు రంగు చొక్కా ఆయనకి ఏమీ అర్థంకాక, పిల్ల తాబేలుని జాగ్రత్తగా ఇసుక మీద పెట్టేశాడు.

ఇంటికొచ్చి సంగతంతా అత్తకి చెప్పారు. కాసులమ్మ చేపలు తోముతోంది. తలెత్తకుండా వింది. అంతా విన్నాక, "దాన్నెవరూ వదల్లేదు గదా, అందుకే," అంది.

తిప్పలో పుట్టిన ప్రతి పిల్లకీ, నడక వచ్చిన నెలలో ఒక వేడుక చేస్తారు. దాన్ని అడుగు వదలడం అంటారు. పిల్లని ఇసుక మీద సముద్రం వైపు నిలబెట్టి, ఇంటిల్లిపాదీ వీపులు తిప్పి నిలబడతారు. ఎవరూ పిలవకూడదు, తిరిగి చూడకూడదు. పిల్ల పడితే దానంతట అదే లేవాలి. నీళ్ళలో మేనమామ నిలబడి ఉంటాడు. పిల్ల చేతికి రాగానే "అందింది" అని కేకేస్తాడు. అప్పుడు అందరూ తిరిగి చూస్తారు. పిల్లలకి ఇదో ముచ్చట అనుకుందే తప్ప, తన ఇద్దరు బిడ్డల్నీ అలా వదిలిన పోలేశ్వరి కూడా అందులో ఇంత ఉందని అనుకోలేదు.

"కోడళ్ళకి చెయ్యరా అమ్మా?" అని అడిగింది అలివేలు.

కాసులమ్మ చేప పక్కన పెట్టింది.

"సేత్తారు. కాపరానికొచ్చిన మొదటేడే సెయ్యాలి. నా పెద్దకోడలికి సేసేను. సేసిన నెలకే పుట్టింటికెల్లి, మరి రాలేదు. నా పెద్దోడు దానెనకే పోయేడు. అందుకని దీనికి సెయ్యలేదు. ఒడ్డుపిల్లకెందుకులే అని నలుగురికీ సెప్పేను." కోడలి వైపు చూడకుండానే అంది. "వదిలితే ఎల్లిపోతావని బయమేసిందే."

పోలేశ్వరి పద్దెనిమిదేళ్ళ కోపంతోనే అత్త పక్కన చతికిలబడి, తోమని చేప ఒకటి చేతిలోకి తీసుకుంది. కోపం పోలేదు. కానీ దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది. చివరికి అంది, "మరిప్పుడు వదులుతావా?"

"ఆ పిల్లకి నెప్పులు మొదలైతే? వదలక సత్తానా," అంది కాసులమ్మ.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ గూడు విచ్చుకున్న చోటికి వెళ్ళారు. యల్లాజీ వేగం పడవని ఒడ్డు దగ్గరికి తెచ్చి, దిగి వచ్చాడు. పోలేశ్వరి పట్టీ కట్టుకుంది. రావడం పట్టీతో నేర్చిన ఒంటికి వెళ్ళడం కూడా పట్టీతోనే నేర్పాలని అలివేలు లెక్క. పని చేస్తుందో చెయ్యదో మాత్రం తనకి తెలియదని నిజం చెప్పేసింది.

"మేనమామ ఏడీ?" అంది కాసులమ్మ.

పోలేశ్వరికి మేనమామలు లేరు. అలివేలు ఒక్క క్షణం చూసి, చెప్పులు విప్పి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి చేతులు చాచి నిలబడింది. యల్లాజీ నవ్వాపుకోలేకపోయాడు. కాసులమ్మ వాడి మణికట్టు పట్టుకుని, సముద్రానికి వీపు తిప్పింది.

గూటి నుంచి నీళ్ళకి నూటపది గజాలు. మొదటి ఇరవై గజాలు పోలేశ్వరి బాగానే నడిచింది. తర్వాత బొడ్డు దగ్గరి చిటికెనవేలు వెనక్కి లాగడం మొదలుపెట్టింది. ఇసుక వాలిపోతోంది. సగం దారిలో మోకాళ్ళ మీద పడింది. "పోలీ!" అని, ఆమె మూలుగు విన్న యల్లాజీ అరవబోతే కాసులమ్మ వాడి చేతిని గోళ్ళు దిగేలా నొక్కింది. ఎవరూ పిలవలేదు. ఎవరూ రాలేదు. ముందు భయమేసింది పోలేశ్వరికి. తర్వాత తెలిసింది, వాళ్ళు రాకపోవడమే వాళ్ళు చేస్తున్న సాయమని. మోచేతులు ఇసుకలో గుచ్చి పాకింది. నిన్న ఆ పిల్ల తాబేళ్ళు గీసిన గీతలు ఇంకా చెరిగిపోలేదు. వాటి పక్కనే పాకింది.

అల ముఖాన కొట్టింది. అలివేలు రెండు చేతులతో అందుకుంది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"అందింది!" అని అరిచింది అలివేలు.

యల్లాజీ తిరిగి పరిగెత్తుకొచ్చాడు. కాసులమ్మ మాత్రం కదల్లేదు.

"అందిందమ్మా, తిరగండి!"

"నీళ్ళందితే సాల్దు," అని వీపు తిప్పే బదులిచ్చింది ముసలామె. "అది ఎల్లాల్సింది అవతలొడ్డుకి. అక్కడందేక అదే సెప్తాది."

పోలేశ్వరి పట్టీ విప్పి అలివేలు చేతిలో పెట్టి పడవెక్కింది. తిప్ప దూరమవుతోంది. కావాలనే తిప్పకి వీపు పెట్టి కూర్చుంది. కళ్ళు తిరగడం కోసం ఎదురుచూసింది. తిరగలేదు. లాగుడు పోలేదు గానీ, చోటు మారింది. బొడ్డు దగ్గర వేలు తగిలించి లాగినట్టు కాక, ఎవరో వీపు మీద అరచెయ్యి ఆనించినట్టు ఉంది. ఒక్కసారి వెనక్కి చూసింది. ఒడ్డున చిన్న చుక్కలా అత్త వీపు కనిపించింది.

కాకినాడ రేవులో దిగింది. నాలుగడుగులు వేసింది. అయిదో అడుగు కూడా వేసింది. ఐసు బండివాడు గుర్తుపట్టి, "ఇయ్యాల బానే ఉన్నావే," అన్నాడు. ఈసారి వాడికి గట్టిగానే బదులు చెప్పింది. వాడు బండి పక్కకి తీశాడు.

ఆరోరోజు పొద్దెక్కాక వరాలికి ఆడపిల్ల పుట్టింది. నొప్పులు పడ్డంతసేపూ పోలేశ్వరి పక్కనే ఉంది. బిడ్డ ఏడ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని, ఏడవగానే తనూ ఏడ్చింది. వార్డులోకి తెచ్చాక, బిడ్డని ఒళ్ళో వేసుకుని చెల్లెలి మంచం పక్కన కూర్చుంది. యల్లాజీ ఇడ్లీలు తెచ్చి, ఫోనులో విన్న తిప్ప కబుర్లు మొదలుపెట్టాడు. అలివేలు నడక మార్చేసిందట. ఇకనుంచి గూటికి నడిచినవాళ్ళు అదే దారిన పట్టీతో నీళ్ళదాకా వెళ్ళాల్సిందే, పడవ అక్కడే ఎక్కాల్సిందే. తహసీల్దారుగారిని కూడా మళ్ళీ రమ్మని ఉత్తరం రాసిందట. పట్టీలకి తాళం పెట్టి, గంట కాగానే తనే విప్పిస్తోందట.

"మా అమ్మే," అన్నాడు గొంతు తగ్గించి. "ఆరు రోజులై సంద్రం వైపు సూడ్డం లేదంట. గుమ్మం ముందు మంచం గూడా సంద్రానికి వీపొచ్చేలా తిప్పేసుకుందంట."

"ఎటు సూత్తన్నావే అక్కా?" అంది వరాలు మంచం మీద నుంచి.

పోలేశ్వరి ఉలిక్కిపడింది. ఎటూ చూడడం లేదు, బిడ్డనే చూస్తోంది. అప్పుడు తట్టింది, ఆ ముక్కాలిపీట మీద తిప్పకి వీపు పెట్టి కూర్చుని రెండు గంటలైందని. బిడ్డని పొదివి పట్టుకుని లేచి, కళ్ళు మూసుకుని, పడవలో కుర్చీలాగా తనే నెమ్మదిగా మూడుసార్లు తిరిగింది. ఆగి, చెయ్యి చాచింది. కళ్ళు తెరిచి చూస్తే చెయ్యి కిటికీ లోంచి, నీళ్ళ ట్యాంకు మీదుగా, సరిగ్గా ఆగ్నేయానికే ఉంది.

"అటేముందే?"

"ఇల్లు," అంది పోలేశ్వరి.

యల్లాజీ ఫోను అడిగి తీసుకుంది. తిప్పలో సంఘం ఆఫీసుకి కలిపితే, ఎవరో పరిగెత్తి వెళ్ళి కాసులమ్మని తీసుకొచ్చారు. ముసలామె ఫోను చెవికి ఏ వైపు పెట్టుకోవాలో తేల్చుకునేదాకా పోలేశ్వరి ఓపిక పట్టింది.

"అత్తా, ఆడపిల్ల. ఇద్దరూ బావున్నారు. పదకొండో రోజు నీళ్ళోసి నేను వచ్చేత్తాను. అందింది అత్తా. ఇంక ఇటు తిరుగు."

అవతల సముద్రం మోత ఒక్కసారిగా దగ్గరైంది.

"తిరిగేనే పోలేశ్వరీ," అంది కాసులమ్మ.